పాఠకుల ప్రశ్నలు, జవాబులు: ఇంగ్లీషు వాక్యంలో సమాపక క్రియ ఎక్కడుంది?

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఐదు ఉత్తరాలు ఇంగ్లీషు వ్యాకరణం చుట్టూ, పాఠ్యభాగాన్ని చదివి అర్థం చేసుకోవడం చుట్టూ తిరిగాయి. అందులో మూడు చైనా పిల్లల ఇంగ్లీషు చదువుకు సంబంధించినవి కావడం వల్ల అన్నింటినీ ఒకేచోట తీసుకుంటున్నాను.

ప్రశ్న: మా అక్క కొడుకు చైనాలో ఎంబీబీఎస్ చదువుతున్నాడు. మొన్న సెలవులకు వస్తూ అక్కడి హైస్కూలు పిల్లలు ఇంగ్లీషు సాధన చేసే పుస్తకం ఒకటి తెచ్చాడు. సూచనలన్నీ చైనీసులో ఉన్నా, పాఠ్యభాగాలు, ప్రశ్నలు ఇంగ్లీషులోనే ఉన్నాయి. ఒకచోట పాఠంలో ఐదు ఖాళీలు విడిచి కింద ఏడు వాక్యాలు ఇచ్చారు. మరోచోట ఖాళీ పక్కన కుండలీకరణంలో క్రియ ఇచ్చి సరైన రూపం రాయమన్నారు. ఇది ఏ పరీక్ష కోసం? మన ఇంటర్ పిల్లలకు పనికొస్తుందా?
- ప్రభుత్వ జూనియర్ కళాశాల అధ్యాపకురాలు, మలక్‌పేట

జవాబు: అమ్మా, మీరు వర్ణించిన తీరును బట్టి అది గావోకావోకు సాధన చేయించే పుస్తకం. చైనాలో హైస్కూలు పూర్తిచేసిన పిల్లలు విశ్వవిద్యాలయాలలో చేరడానికి రాసే జాతీయ ప్రవేశ పరీక్ష పేరు అది. సాంస్కృతిక విప్లవ కాలంలో ఆగిపోయిన ఆ పరీక్షను 1977లో పునరుద్ధరించారు. 2003 నుంచి, కరోనా కారణంగా నెల ఆలస్యమైన 2020ని మినహాయిస్తే, ఏటా జూన్ 7న మొదలవుతోంది. 2024లో దానికి పేర్లు నమోదు చేసుకున్నవారు సుమారు 1.34 కోట్ల మంది. చైనీసు భాషకు, గణితానికి ఎన్ని మార్కులో ఇంగ్లీషుకూ అన్నే మార్కులు, అంటే 150. ఇప్పుడు చాలా ప్రావిన్సులలో వాడుతున్న ప్రశ్నపత్రంలో వినికిడికి 30, పఠనానికి 50, భాషా వినియోగానికి 30, రచనకు 40 మార్కులు ఉంటాయి. సమయం రెండు గంటలు.

మీరు చెప్పిన మొదటి అభ్యాసాన్ని అక్కడ ‘ఏడింటిలో ఐదు’ అంటారు. ఐదు ఖాళీలకు ఏడు వాక్యాలు ఇస్తారు కాబట్టి రెండు మిగిలిపోతాయి, ఆ మిగిలే రెండే పిల్లలను తికమక పెడతాయి. ఖాళీకి ముందున్న వాక్యాన్నీ తరువాతి వాక్యాన్నీ చూసి, ‘దిస్’, ‘దే’, ‘సచ్’ వంటి మాటలు దేనిని సూచిస్తున్నాయో, ‘హౌవెవర్’ అన్నచోట ఆలోచన ఎటు మళ్లిందో పసిగట్టిన పిల్లలే దీన్ని చేయగలరు. దీన్ని మీరు తెలుగులో కూడా తయారుచేసుకోవచ్చు. ఏదైనా దినపత్రిక సంపాదకీయం తీసుకుని, అందులో ఐదు వాక్యాలు కత్తిరించి, అదే విషయం మీద మీరే మరో రెండు వాక్యాలు రాసి కలిపి ఇవ్వండి. ముందు తెలుగులో చేసిన పిల్లలు ఆ తరువాత ఇంగ్లీషులో అదే పనిని భయం లేకుండా చేస్తారు. భాష రాక తప్పు చేస్తున్నారా, వాక్యాల మధ్య సంబంధం పట్టుకోలేక తప్పు చేస్తున్నారా అన్నది కూడా మీకు అప్పుడే తెలుస్తుంది.

ఇక రెండో అభ్యాసం గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన పిల్లలకు అన్నింటికన్నా ఎక్కువ మేలు చేసేది అదే. సుమారు 200 మాటల పాఠంలో పది ఖాళీలు ఉంటాయి, ఒక్కోదానికి ఒకటిన్నర మార్కు. కొన్ని ఖాళీల పక్కన మూలరూపం ఇస్తారు, కొన్నింటికి ఏమీ ఇవ్వరు. ఏమీ ఇవ్వనిచోట సాధారణంగా ఆర్టికలో, ప్రిపోజిషనో, వాక్యాలను కలిపే మాటో రావాలి. క్రియ ఇచ్చినచోట పిల్లవాడు మొట్టమొదట వేసుకోవలసిన ప్రశ్న ‘ఇది ఏ కాలం’ అన్నది కాదు. ‘ఈ ఖాళీలో ఉండవలసింది సమాపక క్రియా, అసమాపక క్రియా’, అంటే వాక్యాన్ని ముగించే క్రియా, ముగించని క్రియా అన్నది. మన ఊరి ఉదాహరణే తీసుకుందాం.

‘ది చార్మినార్, (ఖాళీ: బిల్డ్) ఇన్ 1591, స్టాండ్స్ ఇన్ ది ఓల్డ్ సిటీ.’

1591 అన్న సంవత్సరం చూడగానే మన పిల్లలు ‘వాజ్ బిల్ట్’ అని రాసేస్తారు. కానీ ఆ వాక్యంలో ‘స్టాండ్స్’ అనే సమాపక క్రియ ముందే ఉంది, రెండు క్రియలను కలిపే మాట ఏదీ లేదు. కాబట్టి ఖాళీలో రావలసింది ‘బిల్ట్’ మాత్రమే. అదే వాక్యాన్ని ‘ది చార్మినార్ (ఖాళీ: బిల్డ్) ఇన్ 1591 అండ్ స్టిల్ స్టాండ్స్ ఇన్ ది ఓల్డ్ సిటీ’ అని మారిస్తే, ‘అండ్’ వచ్చి చేరింది కనుక ‘వాజ్ బిల్ట్’ అనే రాయాలి. తెలుగులో మొదటిది ‘1591లో కట్టిన చార్మినార్ పాతబస్తీలో నిలిచి ఉంది’ అవుతుంది. రెండోది ‘చార్మినార్‌ను 1591లో కట్టారు, అది ఇప్పటికీ పాతబస్తీలో నిలిచి ఉంది’ అవుతుంది. ‘కట్టిన’, ‘కట్టారు’ అన్న మాటల మధ్య తేడా తెలిసిన ప్రతి తెలుగు పిల్లవాడికీ ఈ ఇంగ్లీషు సూత్రం సగం తెలిసినట్టే.

చైనా పిల్లవాడికి ఆ సౌకర్యం లేదు. చైనీసు క్రియకు కాలాన్ని బట్టి గానీ, సమాపకమా అసమాపకమా అన్నదాన్ని బట్టి గానీ రూపం మారదు. ‘అతను కొట్టుకు వెళ్లి కూరగాయలు కొన్నాడు’ అనడానికి వెళ్లడం, కొనడం అనే రెండు క్రియలనూ ఏ మార్పూ లేకుండా పక్కపక్కన పెడితే సరిపోతుంది. అందువల్ల అక్కడి పిల్లలు ‘దేర్ ఆర్ మెనీ పీపుల్ లైక్ టీ’ వంటి వాక్యాలు రాస్తుంటారు. ‘ఆర్’, ‘లైక్’ అనే రెండు సమాపక క్రియలను కలిపే ‘హూ’ అక్కడ లేదన్న సంగతి వాళ్ల చెవికి తట్టదు. అక్కడి ఉపాధ్యాయులు ఈ ఒక్క అంశం మీదే అన్ని పేజీల సాధన చేయించడానికి కారణం ఇది.

మన పిల్లలు ‘లేచి, స్నానం చేసి, టిఫిను తిని, బస్సెక్కి కాలేజీకి వెళ్లింది’ అని రోజూ మాట్లాడతారు. నాలుగు అసమాపక క్రియలు, చివర ఒకే ఒక్క సమాపక క్రియ. క్త్వార్థకం, శత్రర్థకం, చేదర్థకం అంటూ తెలుగు వాచకంలో చదువుతారు, బిట్లకు జవాబులూ రాస్తారు. అయినా ఇంగ్లీషు పీరియడులో ఈ సంగతి ఎవరూ గుర్తు చేయరు. అసమాపక రూపానికి ఇంగ్లీషులో ఉన్న ‘పార్టిసిపుల్’ అన్న పేరు వినగానే అదేదో కొత్త భూతమన్నట్టు పిల్లలు బెదిరిపోతారు. తరగతిలో ఇన్నేళ్లు గడిపిన నాకు ఇది నిజంగా బాధ కలిగించే విషయం. మీ కళాశాలలో తెలుగు అధ్యాపకులతో ఒక గంట కూర్చుని ఇద్దరూ కలిసి ఈ పాఠం చెప్పండి. ఆ తరువాత ఆ పుస్తకంలోని ఖాళీలను పిల్లలకు ఇవ్వండి. వినికిడి భాగాన్ని మాత్రం వదిలేయండి, ఆడియో లేకుండా దానివల్ల ప్రయోజనం లేదు.

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ మొదటి సంవత్సరం. గ్రామరు బిట్లన్నీ సరిగ్గా చేస్తాడు. కానీ పేజీడు పాఠం ఇచ్చి ప్రశ్నలడిగితే సగానికి పైగా తప్పులే. ‘చదివాను గానీ అర్థం కాలేదు’ అంటాడు. మాటలకు అర్థాలు అడిగితే మాత్రం చెబుతున్నాడు. లోపం ఎక్కడుంది?
- ఒక తల్లి, కూకట్‌పల్లి

జవాబు: మాటల అర్థాలు తెలిసి వాక్యం అర్థం కాలేదంటే, వాక్యం నిర్మాణమే మీ అబ్బాయికి అడ్డుపడుతోందని నా అభిప్రాయం. దీనికి అతని నిర్లక్ష్యం కారణం కాదు, తెలుగు వాక్యం, ఇంగ్లీషు వాక్యం ఎదురెదురు దిక్కులలో నడవడం కారణం. ఈ వాక్యం అతనికి ఇచ్చి చూడండి.

‘ది ఓల్డ్ మ్యాన్ హూ సోల్డ్ బుక్స్ ఆన్ ది ఫుట్‌పాత్ ఇన్ ఆబిడ్స్ ఎవ్రీ సండే హాజ్ మూవ్డ్ టు కోఠి.’

‘ప్రతి ఆదివారం ఆబిడ్స్‌లో ఫుట్‌పాత్ మీద పుస్తకాలు అమ్మిన ముసలాయన కోఠికి మారిపోయాడు’ అని మనం అంటాం. మనకు వర్ణన అంతా ముందు వస్తుంది, మనిషి వెనక వస్తాడు, ఆ మనిషి పక్కనే అతను చేసిన పని వస్తుంది. ఇంగ్లీషులో మనిషి ముందే వచ్చేస్తాడు, వర్ణన అతని వెనక తోకలా సాగుతుంది, అసలు పని ఆ తోక దాటిన తరువాత గానీ రాదు. ‘మ్యాన్’ అన్న మాటకూ ‘హాజ్ మూవ్డ్’ అన్న క్రియకూ మధ్య పది మాటలున్నాయి. అక్కడికి చేరేసరికి పిల్లవాడి దృష్టిలో ‘మ్యాన్’ జారిపోయి, క్రియకు దగ్గరగా ఉన్న ‘సండే’ మిగులుతుంది. చైనీసులో కూడా వర్ణన ముందు, నామవాచకం వెనక ఉంటాయి, కాబట్టి అక్కడి పిల్లలకూ సరిగ్గా ఇక్కడే కాలు జారుతుంది. వేల మైళ్ల దూరంలో, ఏ చుట్టరికమూ లేని భాష మాట్లాడే పిల్లలు మన పిల్లలు తడబడినచోటే తడబడుతున్నారని తెలిసినప్పుడు, ఇది తెలివికి సంబంధించిన సమస్య కాదని మీ అబ్బాయికి మీరు ధైర్యంగా చెప్పవచ్చు.

రోజుకు ఒక్క పొడవైన వాక్యం చాలు. ఇంగ్లీషు దినపత్రికలోని వ్యాసం నుంచి తీసుకోవచ్చు, లేదా ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద తక్కువ ధరకు దొరికే పాత పుస్తకాల నుంచి తీసుకోవచ్చు. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయానికి వెళ్లగలిగితే ఇంకా మంచిది. ఆ వాక్యంలో సమాపక క్రియలన్నింటి కిందా పెన్సిలుతో గీత గీయమనండి. కలిపే మాటల చుట్టూ సున్న చుట్టమనండి. కలిపే మాట ఒకటుంటే సమాపక క్రియలు రెండుండాలి, రెండుంటే మూడుండాలి. పై వాక్యంలో ‘హూ’ ఒక్కటే కలిపే మాట, ‘సోల్డ్’, ‘హాజ్ మూవ్డ్’ రెండు క్రియలు. లెక్క కుదరకపోతే ఎక్కడో అసమాపక క్రియను సమాపకం అనుకున్నట్టు, లేదా ‘దట్’, ‘విచ్’ వంటి మాటను రచయిత వదిలేసినట్టు. ఆ తరువాత ప్రధాన క్రియను పట్టుకుని ‘ఎవరు?’ అని అడగమనండి. ‘హాజ్ మూవ్డ్: ఎవరు మారారు? ముసలాయన.’ చివరగా వాక్యం మొత్తాన్ని మంచి తెలుగులో, నోటితో చెప్పించండి. మాటకు మాట తెలుగు చేయనివ్వకండి. ఇంట్లో నానమ్మకు చెబితే అర్థమయ్యేలా చెప్పాలి. అలా చెప్పగలిగిన వాక్యం అతనికి అర్థమైనట్టే.

రెండు వారాల తరువాత పాఠాల ప్రశ్నలకు రండి. నాలుగు జవాబులలో పిల్లలను ఎక్కువగా మోసగించేది పూర్తిగా తప్పు జవాబు కాదు, సగం నిజమైన జవాబు. పాఠంలో ‘మోస్ట్ ఆఫ్ ది షాప్స్ వర్ క్లోజ్డ్’ అని ఉంటుంది, జవాబులో ‘ఆల్ ది షాప్స్ వర్ క్లోజ్డ్’ అని ఉంటుంది. పాఠంలోని మాటలే కనిపించాయన్న సంతోషంలో పిల్లవాడు దాన్ని టిక్కు పెడతాడు. ఎంచుకున్న ప్రతి జవాబుకూ పాఠంలో ఆధారమైన వాక్యం మీద వేలు పెట్టి చూపించాలన్న నియమం పెట్టండి. వేలు పెట్టలేకపోతే ఆ జవాబు సరైనదైనా మార్కు వేయకండి.

తెలియని మాట ఎదురైతే వెంటనే ఫోన్లో వెతకనివ్వవద్దు. చైనాలో 2017లో వచ్చిన హైస్కూలు పాఠ్యప్రణాళిక గావోకావోకు నిర్దేశించిన మాటలు సుమారు 3000. అయినా ప్రశ్నపత్రంలో ఆ జాబితాకు బయటి మాటలు వస్తాయి, వాటిలో కొన్నింటికి పక్కనే చైనీసు అర్థం ఇస్తారు, కొన్నింటిని మాత్రం సందర్భం నుంచి ఊహించమని అడుగుతారు. ‘ది పాత్ వాజ్ సో స్లిప్పరీ దట్ షి స్టంబుల్డ్ ట్వైస్, బట్ షి డిడ్ నాట్ ఫాల్’ అన్నచోట ‘స్టంబుల్’ తెలియకపోయినా, దారి జారుడుగా ఉంది, పడలేదు, కానీ పడబోయింది అన్న సంగతి చుట్టూ ఉన్న మాటలే చెబుతున్నాయి. తూలడమో, తడబడడమో అయి ఉండాలి.

ప్రశ్న: ఖర్చుల కోసం చైనాలో హైస్కూలు చదువుతున్న ఒక అమ్మాయికి ఆన్‌లైన్లో ఇంగ్లీషు చెబుతున్నాను. వాళ్ల సమయం మనకన్నా రెండున్నర గంటలు ముందు కాబట్టి సాయంత్రం ఐదున్నరకే మొదలుపెడతాను. ఎంత దిద్దినా ‘ఆల్దో’ అని మొదలుపెట్టి మధ్యలో ‘బట్’ రాస్తుంది, మాట్లాడేటప్పుడు ‘హీ’ అనవలసినచోట ‘షీ’ అంటుంది, నిన్నటి సంగతి చెబుతూ ‘గో’ అంటుంది. శ్రద్ధ లేదనుకోవాలా?
- పీజీ విద్యార్థి, తార్నాక

జవాబు: శ్రద్ధ లేదనుకోవద్దు. చైనీసులో ‘స్వేరాన్’ అంటే ‘అయినప్పటికీ’, దానికి జతగా వాక్యం రెండో సగంలో ‘దాన్‌షి’, అంటే ‘కానీ’, రావడం సహజం. అలాగే ‘ఎందుకంటే’కు జతగా ‘కాబట్టి’ వస్తుంది. ఆ అమ్మాయి తన భాషలోని జోడీనే ఇంగ్లీషులోకి తెచ్చుకుంటోంది. మనం కూడా ‘ఎంత చెప్పినా గానీ వినడు’ అనడం లేదా? మన పిల్లలు కూడా అదే అలవాటుతో ‘ఆల్దో’, ‘బట్’ రెండూ రాస్తారు. ఆమెకు సమాపక క్రియల లెక్కనే చెప్పండి: రెండు క్రియలను కలపడానికి ఒక మాట చాలు, రెండో మాట ఎక్కువ. ‘ఆల్దో’తో ఐదు వాక్యాలు, అవే వాక్యాలు ‘బట్’తో మళ్లీ ఐదు రాయించండి. ‘తప్పు’ అని వందసార్లు అనడం కన్నా ఇది మేలు.

‘అతను’, ‘ఆమె’ అనడానికి చైనీసు పలుకులో ఒకే మాట ఉంది, ‘తా’. రాసేటప్పుడు అక్షరాలు వేరు, నోట మాత్రం ఒకటే. అందుకే రాతలో తప్పు చేయని పిల్లలు కూడా మాటలో తడబడతారు. మాట మధ్యలో ఆపి దిద్దకండి, చెప్పడం ముగిశాక ఒకసారి గుర్తు చేస్తే చాలు. క్రియ సంగతి పైన చెప్పాను. ‘నిన్న’ అన్న మాట ఉంటే కాలం తెలిసిపోతుంది, క్రియను మళ్లీ మార్చడం ఎందుకన్నది వాళ్ల భాష తర్కం. కథలు చెప్పించండి, కథలో ప్రతి వాక్యానికీ భూతకాలం అవసరం పడుతుంది.

మీకు ఒక్క జాగ్రత్త చెప్పాలి. ఆమె తప్పులు దిద్దుతూ మన తప్పులు ఆమెకు అంటించకండి. ‘పదేళ్లుగా ఇక్కడే ఉంటున్నాను’ అన్న తెలుగును మనం ‘ఐ యామ్ స్టేయింగ్ హియర్ సిన్స్ టెన్ ఇయర్స్’ అని మార్చేస్తాం. ‘ఐ హావ్ బీన్ స్టేయింగ్ హియర్ ఫర్ టెన్ ఇయర్స్’ అనాలి. ‘గురించి చర్చించడం’ అన్న అలవాటుతో ‘డిస్కస్ అబౌట్’ అంటాం, అక్కడ ‘అబౌట్’ అక్కరలేదు. ‘ఆర్టికల్స్’ విషయంలో మాత్రం మీ ఇద్దరిదీ ఒకే స్థితి: రెండు భాషలలోనూ అవి లేవు. పాఠానికి ముందు నిఘంటువు, మంచి వ్యాకరణ గ్రంథం దగ్గర పెట్టుకోండి. ఇంగ్లీషు బోధనను మెరుగుపరచడానికి 1958లో కేంద్రీయ ఆంగ్ల సంస్థగా మొదలై 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైన ఇఫ్లూ (ఇంగ్లీష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ) మీ తార్నాక పక్కనే ఉంది. అక్కడ చదివిన అధ్యాపకులు మీకు తెలిసినవారిలో ఉంటే, సందేహం వచ్చినప్పుడు అడగడానికి మొహమాటపడకండి.

ప్రశ్న: గావోకావోలో కథను సగం ఇచ్చి మిగతాది రాయమంటారని విన్నాను. మా తొమ్మిదో తరగతి పిల్లలతో చేయించవచ్చా?
- ప్రభుత్వ ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడు, సికింద్రాబాద్

జవాబు: తప్పకుండా చేయించవచ్చు. కథ ఇచ్చి, ఆ తరువాతి రెండు పేరాలకు మొదటి వాక్యాలు మాత్రమే ఇస్తారు, మిగిలినది సుమారు 150 మాటలలో పూర్తిచేయాలి. దానికి 25 మార్కులు. రెండో పేరా మొదటి వాక్యం ముందే ఇచ్చేశారు కాబట్టి, మొదటి పేరా ఎక్కడికి చేరాలో నిర్ణయమై ఉంటుంది. ఇచ్చిన కథను జాగ్రత్తగా చదవని పిల్లవాడు ఎంత మంచి ఇంగ్లీషు రాసినా అక్కడ దొరికిపోతాడు. ఈ కారణంగానే నేను దీన్ని రచన అభ్యాసంగా కన్నా పఠన అభ్యాసంగా ఎక్కువ గౌరవిస్తాను. మీ పిల్లలకు 150 మాటలు ఎక్కువ, 60 చాలు. కథ వాళ్లకు తెలిసిన లోకంలోదై ఉండాలి. బోనాల రోజున జనంలో తప్పిపోయిన తమ్ముడి కథ రాసి ఇవ్వండి. మొదటి పేరాకు ‘నేను పరుగెత్తి గుడి మెట్లెక్కాను’ అన్న అర్థం వచ్చే వాక్యం, రెండో పేరాకు ‘అమ్మ వాడిని చూసి ఏడుస్తూనే నవ్వింది’ అన్న అర్థం వచ్చే వాక్యం ఇవ్వండి. మధ్యలో తమ్ముడు ఎక్కడ, ఎలా దొరికాడో పిల్లలు చెప్పాలి. కథలో ముందే మీరు వాడి చేతిలో ఒక ఎర్ర బెలూను పెట్టి ఉంచితే, దాన్ని గుర్తుపెట్టుకుని వాడుకున్న పిల్లలు ఎవరో, వదిలేసిన పిల్లలు ఎవరో మీకు వెంటనే తెలుస్తుంది.

ప్రశ్న: పరీక్షలో ముందు ప్రశ్నలు చదవాలా, పాఠం చదవాలా?
- ఇంటర్ విద్యార్థిని, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: ప్రకటన, నోటీసు, టైంటేబులు వంటివి ఇస్తే ముందు ప్రశ్నలే చదువు తల్లీ, అక్కడ వెతుక్కోవడం తప్ప వేరే పని లేదు. కథ గానీ వ్యాసం గానీ ఇస్తే ముందు పాఠం మొత్తం ఒకసారి ఆగకుండా చదివి, ఆ తరువాత ప్రశ్నలు చూసి, ఒక్కో ప్రశ్నకు సంబంధించిన పేరా దగ్గరికి మళ్లీ వెళ్లు. మొదటిసారి చదివేటప్పుడు తెలియని మాట దగ్గర ఆగవద్దు. రెండోసారి ఆ పేరాకు వెళ్లినప్పుడు కూడా అది అడ్డుపడితేనే దాని గురించి ఆలోచించు.